కాస్త సౌండ్ తగ్గిస్తారా?

రాత్రి పది దాటింది. విశాఖ నుంచి హైదరాబాదు వెళ్ళే రైల్లో స్లీపర్ బోగీ. మిడిల్ బెర్తులు ఎత్తేశారు, దుప్పట్లు పరిచేశారు, ఎవరో లైటు కూడా ఆపేశారు. సైడ్ లోయర్ మీద ఒకాయన మాత్రం ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాడు. ఇయర్‌ఫోన్స్ లేవు. పదిహేను సెకన్ల పాట, ఆ వెంటనే ఎవరిదో పగలబడి నవ్వు, ఆ వెంటనే గుత్తి వంకాయ కూర, మళ్ళీ అదే నవ్వు.

చుట్టూ ఉన్న ఏడుగురూ ఏం చేస్తున్నారు? ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఒకావిడ అటు తిరిగి ముసుగుతన్నింది. పై బెర్తు కుర్రాడు ఈ బాధంతా స్నేహితులకు మెసేజ్ పెడుతున్నాడు. ఇంకొకాయన భార్య వైపు తిరిగి, బోగీ అంతా వినేలా, "ఈ రోజుల్లో జనానికి బొత్తిగా మర్యాద లేకుండా పోయింది" అన్నాడు. రీల్స్ ఆయనకు అది వినబడలేదు. ఎలా వినబడుతుంది, చెవి దగ్గర అంత మోత పెట్టుకుంటే?

ఏడుగురిలో ఒక్కరి నోటి నుంచీ రాని మాట ఒకటుంది. "కాస్త సౌండ్ తగ్గిస్తారా అండీ?"

ఎందుకు రాలేదు? భయమా, మొహమాటమా, "మనకెందుకులే" అనా? మూడూ కొంత కొంత. కానీ వీటి వెనక ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి చోట మనిషికి ఒకేసారి రెండు కోరికలు పుడతాయి. ఆ మోత ఆగాలన్నది ఒకటి. ఆ మనిషికి బుద్ధి రావాలన్నది రెండోది. మొదటిది అర నిమిషంలో తేలిపోయే పని. రెండోది? ఆయన తల్లిదండ్రులు, పంతుళ్ళు ఇన్నేళ్ళలో చేయలేనిది ఏలూరుకీ విజయవాడకీ మధ్య ఎవరైనా చేయగలరా? చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. అందుకే అయితే నోరు మెదపరు, లేదా నోరు తెరవగానే గొడవవుతుంది.

లిఫ్టులోంచి జనం దిగకముందే లోపలికి తోసుకొచ్చేవాళ్ళు, సినిమా హాల్లో సగం కథ అయ్యాక ఫోన్ వెలిగించి మెసేజ్‌లు చూసుకునేవాళ్ళు, టిఫిన్ సెంటర్ ముందు రోడ్డుకు అడ్డంగా కారు ఆపి "రెండు నిమిషాలే" అనేవాళ్ళు, సిగ్నల్ ఇంకా ఎర్రగా ఉండగానే వెనక నుంచి హారన్ కొట్టేవాళ్ళు... ఈ చిరాకుల జాబితాకు అంతులేదు. అన్నింటికీ మందు ఈ అధ్యాయంలో దొరకదు. కానీ రోజూ ఎదురయ్యేవాటిలో చాలావాటిని గొడవ పడకుండా, బీపీ పెంచుకోకుండా దాటేయవచ్చు. దానికి కొన్ని పద్ధతులున్నాయి.

1. ముందు వదిలేయాల్సినవి వదిలేయండి

చిరాకు తెప్పించే ప్రతిదాని మీదా యుద్ధం ప్రకటిస్తే మనిషి బయటికి వెళ్ళడమే మానుకోవాల్సి వస్తుంది. కాబట్టి నోరు తెరిచే ముందు మిమ్మల్ని మీరే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఇంకా ఎంతసేపు ఉంటుంది? అవతలి మనిషి కావాలనుకుంటే దీన్ని ఆపగలడా?

బస్సులో చంటిబిడ్డ ఏడుస్తోంది. తల్లి ఆపగలిగితే ఈపాటికి ఆపేసేది. మీకంటే ఆవిడకే ఎక్కువ బాధగా ఉంది. ఒక పెద్దాయన ఫోన్‌లో గట్టిగా అరుస్తున్నాడు. బహుశా ఆయనకు వినికిడి తక్కువ. పక్క సీటు ఆవిడ డబ్బా తెరిస్తే ఎండుచేపల కూర వాసన గుప్పుమంది. పావుగంటలో డబ్బా మూస్తుంది, ఈలోగా ముక్కు అలవాటు పడుతుంది. ఇవన్నీ వదిలేసే జాబితాలోవి. తర్వాతి స్టాపులో దిగిపోయేవాడు ఏం చేసినా వదిలేసే జాబితాలోకే వస్తాడు.

ఎవరిదో ఫోన్ సంభాషణ మాత్రం మరో రకం. పక్కన ఇద్దరు మాట్లాడుకుంటుంటే పుస్తకం చదువుకోగలిగిన మనిషి, ఒకరే ఫోన్‌లో మాట్లాడుతుంటే చదవలేకపోవడం మీరూ గమనించే ఉంటారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో ఇదే తేలింది. సగం సంభాషణ వింటున్నవాళ్ళ ఏకాగ్రత, పూర్తి సంభాషణ వింటున్నవాళ్ళ కంటే ఎక్కువ చెదిరింది. అవతలివాళ్ళు ఏమని ఉంటారో బుర్ర ఊహించుకుంటూ పోతుంది మరి. "అవునా? ఎప్పుడు? ఎవరితో?" అని పక్క సీటాయన అంటుంటే ఎవరికి మాత్రం చదువు సాగుతుంది? కాబట్టి అలాంటి చోట చిరాకు పడినందుకు మీకు ఓపిక లేదని మిమ్మల్ని మీరు నిందించుకోనక్కర్లేదు.

2. అడిగితే ఒప్పుకుంటారని నమ్మండి

1970లలో న్యూయార్క్‌లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఒకరోజు వాళ్ళ అత్తగారు, ఈ కాలం కుర్రాళ్ళు భూగర్భ రైళ్ళలో తల నెరిసిన ఆడమనిషికి కూడా సీటు ఇవ్వడం లేదని వాపోయింది. "మీరు అడిగారా?" అన్నాడు అల్లుడు. ఆవిడ అడగలేదు. సరే, అడిగితే ఏమవుతుందో చూద్దామని ఆయన తన విద్యార్థులను రైళ్ళలోకి పంపాడు. పని సులువే. కూర్చున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏ కారణమూ చెప్పకుండా, "మీ సీటు నాకిస్తారా?" అని అడగాలి.

వంద మందిలో దాదాపు 68 మంది లేచి సీటిచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. ఊరూ పేరూ తెలియని ఆరోగ్యవంతుడైన కుర్రాడికి, ఊరికే అడిగినందుకు! ఇంకా తమాషా ఏమిటంటే, కష్టమంతా అడిగేవాళ్ళదే. మిల్‌గ్రామ్ స్వయంగా ప్రయత్నించినప్పుడు మాట గొంతులోనే ఇరుక్కుపోయిందట. సీటు దొరికి కూర్చున్నాక ప్రాణం పోతుందేమో అనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు.

దీన్నిబట్టి పాఠకుడు పట్టుకోవాల్సింది ఒకటుంది. అడగబోయే ముందు గుండె దడదడలాడటానికీ, అవతలివాళ్ళు కాదంటారనడానికీ ఏ సంబంధమూ లేదు. ఆ దడ మీలో పుట్టి మీలోనే పోతుంది.

ఇదే ప్రయోగంలో ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. "నిలబడి పుస్తకం చదువుకోలేకపోతున్నాను, సీటిస్తారా?" అని అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్ళు 42 శాతానికి పడిపోయారు. కారణం చెబితే మంచిదే అనుకుంటాం, కానీ బలహీనమైన కారణం కంటే ఏదీ చెప్పకపోవడమే నయం. "ఏం లేదండీ, ఏమీ అనుకోకపోతే, అంటే నాకు కొంచెం తలనొప్పిగా ఉంటుంది సాధారణంగా" అంటూ సాగదీసేవాళ్ళు ఈ అంకె గుర్తు పెట్టుకోవాలి.

3. పిలుపు దగ్గరే సగం పని అయిపోతుంది

అడగడం అనగానే చాలామంది వాక్యం గురించి ఆలోచిస్తారు. అంతకంటే ముందు పిలుపు ఉంది. "హలో", "ఏయ్ మిస్టర్", "ఓ బాబూ, నిన్నే" వీటిలో ఏది వాడినా తర్వాత ఎంత మర్యాదగా మాట్లాడినా లాభం లేదు. ముఖ్యంగా సాగదీసిన "హలోఓ" ఎప్పుడూ తగవుకే తాంబూలం ఇస్తుంది.

మన దగ్గర పిలుపులకు కొదవా? హైదరాబాద్ సిటీ బస్సులో అయితే, "అన్నా, జర సౌండ్ తక్కువ చేస్తవా?" అనవచ్చు. రాజమండ్రి వైపు పెద్దాయన అయితే, "బాబాయ్ గారూ, పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడండీ, కాస్త సౌండ్ తగ్గిస్తారా?" కడప బస్సులో అయితే, "అన్నా, రోంత సౌండు తగ్గించన్నా." కాలేజీ కుర్రాడయితే "తమ్ముడూ" చాలు. వరస కలిపి పిలిచిన మనిషి మీద విరుచుకుపడటం ఎవరికైనా కష్టమే. ఒక్క హెచ్చరిక ఏమిటంటే, ముప్పై అయిదేళ్ళావిడను "ఆంటీ" అని పిలిచాక ఇంకేమీ అడగకండి, దొరకదు. "అక్కా", "మేడం", "అమ్మా" ఉండగా ఆ సాహసం ఎందుకు?

పిలిచాక ఏం చెప్పాలి? ఒక్క పని. అదీ అవతలివాళ్ళు ఆ క్షణంలోనే చేయగలిగింది. "కాస్త మర్యాదగా ఉండండి" అంటే ఏం చేయాలో ఆయనకేం తెలుస్తుంది? "సౌండ్ తగ్గించండి", "బ్యాగు కింద పెడతారా", "ఫోన్ వెలుగు కళ్ళలో పడుతోందండీ" అంటే తెలుస్తుంది. వెనక సీటు పిల్లాడు మీ కుర్చీని తంతుంటే పిల్లాణ్ణి గదమకండి. తిరిగి చూసి, నవ్వుతూ, "అమ్మా, బాబు కాళ్ళు తగులుతున్నాయి" అని తల్లికి చెప్పండి.

వీలైతే తప్పించుకునే దారి కూడా మీరే ఇవ్వండి. "ఇయర్‌ఫోన్స్ కనెక్ట్ అవ్వలేదేమో, సౌండ్ బయటికి వస్తోందండీ." ఆయనకు ఇయర్‌ఫోన్సే లేవని మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఈ మాటతో ఆయన తప్పు చేసినవాడు కాకుండా, చూసుకోనివాడు మాత్రమే అవుతాడు. "ఓ, అవునా" అని కట్టేయడం అప్పుడు తేలిక.

ఇంకొకటి. తొందరగా అడగండి. మొదటి అయిదు నిమిషాల్లో అడిగే గొంతు వేరు, నలభై నిమిషాలు పళ్ళు నూరుకున్నాక అడిగే గొంతు వేరు. మాటలు అవే ఉండవచ్చు, కానీ ఆ రెండో గొంతులో నలభై నిమిషాల కోపం వినబడుతుంది. అవతలి మనిషికి మాత్రం మీరు అప్పుడే మొదటిసారి నోరు తెరిచారు. "ఇదేంటి, ఊరికే ఎగురుతున్నాడు" అనుకుంటాడు. ఆయన వైపు నుంచి చూస్తే అది నిజమే కదా?

అడిగేశారు. ఆ తర్వాత? చూపు తిప్పేసుకోండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. అడిగి, ఆయన ఎప్పుడు తగ్గిస్తాడా అని కళ్ళలోకి చూస్తూ కూర్చుంటారు. ఎవరో చెప్పగానే ఠక్కున ఆపేస్తే చిన్నతనంగా ఉంటుంది మనిషికి. ఆ రీల్ పూర్తయ్యేదాకా చూసి, ఏదో టైమ్ చూసుకుంటున్నట్టు నటించి, అప్పుడు తగ్గిస్తాడు. ఆ నిమిషం ఆయనకు ఇవ్వండి. తగ్గించాక "థాంక్సండీ" అనండి. ఇంకా ఏడెనిమిది గంటలు ఒకే బోగీలో కలిసి వెళ్ళాలి మరి.

ఇక ఎక్కువమంది చేసే పొరపాట్లు. "ఇదేమైనా మీ ఇల్లనుకున్నారా?" అనేది మొదటిది. దీనికి జవాబు "మీ ఇల్లూ కాదుగా" అని సిద్ధంగా ఉంటుంది. రెండోది చదువు ఎత్తడం. "చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, ఈ మాత్రం తెలీదా?" అన్న మాటతో ఇంతవరకూ ఎవరి మనసైనా మారి ఉంటుందా? మూడోది విదేశాలు ఎత్తడం. డల్లాస్ నుంచి సెలవులకు వచ్చినవాళ్ళకు ఇది మరీ ఇష్టం, "అక్కడైతేనా..." అంటారు. అక్కడైతే ఏముంది? సీట్లలో కాళ్ళు బారచాపుకుని పక్కవాళ్ళ చోటు ఆక్రమించే మగవాళ్ళ కోసం న్యూయార్క్ రైళ్ళ సంస్థ 2015లో ప్రత్యేకంగా పోస్టర్లు అంటించాల్సి వచ్చింది. క్రమశిక్షణకు మారుపేరని మనం చెప్పుకునే జపాన్‌లో ప్రైవేటు రైల్వేల సంఘం ఏటా ప్రయాణికులను అడిగి, చిరాకు పుట్టించే పనుల జాబితా వేస్తుంది. గట్టిగా మాట్లాడటం, వీపు మీది బ్యాగుతో పక్కవాళ్ళను పొడవడం అందులోనూ ఉంటాయి. చిరాకులు అంతటా ఉన్నాయి. మనకే ప్రత్యేకంగా రాసిపెట్టినవేం కావు.

నాలుగో పొరపాటు ఈ మధ్యదే, ఫోన్ తీసి వీడియో తీయడం. కెమెరా పైకి లేచిన క్షణం నుంచి సౌండ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అది పరువు సమస్య అయిపోతుంది.

4. క్యూలో ఎవరు మాట్లాడాలి?

"మనవాళ్ళకు క్యూ అంటే తెలీదండీ" అనే మాట రోజుకోసారైనా వినబడుతుంది. నిజమేనా? 2025లో యూరియా కొరత వచ్చినప్పుడు తెలంగాణలో ఎరువుల దుకాణాల ముందు రైతులు వరసగా చెప్పులు పెట్టి, చెట్ల కింద కూర్చున్న ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. కొన్నిచోట్ల చెప్పులకు బదులు పాసు పుస్తకాలు, ఆధార్ కార్డుల నకళ్ళు. మనిషి లేకపోయినా ఆ చెప్పుల జతకు చోటు ఉంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు వేసి, ఆ తర్వాత మెల్లగా ఎక్కే అలవాటూ అలాంటిదే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగి ఆ రుమాళ్ళ మీద తగాదాలూ పెరిగాయి. కానీ తగాదా పడేది కూడా "ముందు ఎవరు వేశారు" అన్నదాని మీదే. అంటే నియమం ఉన్నట్టే కదా?

క్యూ అంటే తెలియక కాదు, మధ్యలో దూరినవాణ్ణి ఎవరు ఆపాలో తేలక ఇబ్బంది వస్తుంది. ఇక్కడ కూడా మిల్‌గ్రామ్ బృందమే ఉపయోగపడుతుంది. న్యూయార్క్‌లోని 129 క్యూల మధ్యలోకి కావాలని మనుషుల్ని దూర్చి ఏమవుతుందో చూశారు. ఆయన చనిపోయాక, 1986లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కడే దూరితే సగానికి కాస్త ఎక్కువ క్యూల్లోనే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇద్దరు దూరితే 91 శాతం క్యూల్లో చెప్పారు. అభ్యంతరం ఎక్కువగా వెనక ఉన్నవాళ్ళదే, అందులోనూ సరిగ్గా వెనక ఉన్న మనిషి మీద అందరి ఆశ. ఆ మనిషి నోరు మెదపకపోతే మిగతావాళ్ళూ చాలావరకు ఊరుకున్నారు.

కాబట్టి దూరినవాడి వెనక మీరే ఉంటే, మాట్లాడే వంతు మీదే. మీ వెనక పాతిక మంది మీ వీపు వైపు చూస్తున్నారు. "క్యూ అక్కడి నుంచండీ" అని చేత్తో చివర చూపించండి. "దూరుతున్నావేం?" అనకండి. మొదటి మాటలో ఆయన పొరబడ్డాడు, రెండోదానిలో దొంగ అయ్యాడు. మీరు ఇద్దరు ముగ్గురి తర్వాత ఉన్నారా? అయితే దూరినవాడితో కాదు, ముందున్న మనిషితో మాట్లాడండి. "సార్, మీ ముందుకు ఆయన వచ్చారు, చూసుకున్నారా?" ఆయనకు అండ దొరికినట్టవుతుంది.

"ఒక్క సంతకమే", "చిల్లర అడగడానికే", "ఫారం ఎక్కడిస్తారో కనుక్కుని వెళ్ళిపోతా" అనేవాళ్ళ సంగతేమిటి? నిజంగా కనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు. "సరే, అడగండి. కాగితాలు మాత్రం వరసలోనే" అంటే ఇద్దరికీ తేలిపోతుంది. "మావాళ్ళు ముందున్నారు" అనే దర్శనం క్యూ సూత్రానికి మాత్రం ఇంతవరకూ విరుగుడు కనిపెట్టినవాళ్ళు లేరు. ఒక్కోసారి ఆ ముందున్న కుటుంబం నిజంగానే వాళ్ళదే అయి ఉంటుంది.

మెట్రోలో ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళకు అడ్డం పడటం ఇంకో రోజువారీ ఘట్టం. రెడ్ లైనూ బ్లూ లైనూ కలిసే అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి దిగి చూడండి. అక్కడ తలుపు తెరుచుకున్నాక అరిస్తే లాభం లేదు. రైలు ఆగేలోపే తలుపు దగ్గరికి చేరి, ముందున్నవాళ్ళతో "మీరు కూడా దిగుతున్నారా?" అని అడిగి పెట్టుకోండి. దిగేవాళ్ళు నలుగురు ఒక్కటైతే దారి దానంతటదే వస్తుంది.

5. నియమం మీ వైపే ఉంది, కానీ అది చివరి మాట

రాత్రి పది తర్వాత రైల్లో గట్టిగా మాట్లాడటం, ఇయర్‌ఫోన్స్ లేకుండా పాటలు వినడం రైల్వే ఒప్పుకోదు. రిజర్వేషన్ బోగీల్లో పడుకునే సమయం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు అని 2017లో ఖరారు చేసింది. అంటే రాత్రి ఎనిమిదికే మిడిల్ బెర్తు ఎత్తేసి కింద ఇద్దరిని మెడలు వంచి కూర్చోబెట్టడం కుదరదు. పదయ్యాక మాత్రం "ఇంకాసేపు కూర్చుంటా" అనడం కుదరదు. అనారోగ్యంతో ఉన్నవాళ్ళు, గర్భిణులు, దివ్యాంగులు పడుకుంటే సహకరించమని అదే నియమం చెబుతోంది. వినకపోతే టీటీఈకి చెప్పవచ్చు, 139కి ఫోన్ చేయవచ్చు.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ నిషేధం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించవచ్చు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే 200 రూపాయల దాకా, రైల్వే ఆవరణలో ఉమ్మితే 500 దాకా జరిమానా. అనవసరంగా హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారి వెయ్యి.

ఇవన్నీ తెలిసి ఉండటం మంచిది. కానీ సంభాషణ వీటితో మొదలుపెట్టకూడదు. "రూల్ నంబరు ఇంత ప్రకారం..." అనగానే అవతలివాడు లాయర్ అయిపోతాడు. ముందు అడగాలి, వినకపోతే ఆ చోటికి బాధ్యులైన కండక్టరుకో, టీటీఈకో, హాల్ సిబ్బందికో చెప్పాలి. ఫిర్యాదు ఆ తర్వాతి మెట్టు.

హారన్ విషయంలో అడగడానికి అవకాశమే ఉండదు, అద్దాలు ఎక్కించిన కారులో ఉన్నవాడికి ఏం చెబుతారు? ముంబయి పోలీసులు దీనికి ప్రయోగాత్మకంగా ఒక మంచి చిట్కా కనిపెట్టారు. కొన్ని సిగ్నళ్ళకు శబ్దాన్ని కొలిచే యంత్రం తగిలించారు. హారన్ల మోత 85 డెసిబెళ్ళు దాటితే ఎర్ర లైటు మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టేది. 2020లో ఆ వీడియో దేశమంతా తిరిగింది. మీ చేతిలో సిగ్నల్ లేదు కాబట్టి, మీరు చేయగలిగిందల్లా తిరిగి హారన్ కొట్టకపోవడం.

6. గోడ అవతలివాళ్ళతో తొందరపడకండి

రైల్లో మనిషి మళ్ళీ కనబడడు. పై ఫ్లాట్ మనిషి రేపు ఉదయం లిఫ్టులో ఎదురవుతాడు. అందుకే అపార్ట్‌మెంట్ తగవులకు పద్ధతి తలకిందులు. బయట తొందరగా అడగాలి, ఇక్కడ కోపం చల్లారాక అడగాలి.

రాత్రి పదకొండున్నరకు పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు. అప్పుడే చెప్పులేసుకుని పైకి వెళ్ళకండి. మర్నాడు సాయంత్రం వెళ్ళండి. "మీరు గోల చేస్తున్నారు" అనకుండా, "రాత్రి పదకొండు తర్వాత డైనింగ్ కుర్చీలు జరిపితే మా పడకగదిలో బాగా వినబడుతోందండీ" అనండి. చాలాసార్లు వాళ్ళకు నిజంగానే తెలిసి ఉండదు, మన ఇంటి నేల చప్పుడు మనకు వినబడదు కదా. కుర్చీ కాళ్ళకు తొడిగే రబ్బరు బుష్‌లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. డ్రిల్లింగ్ పని జరుగుతుంటే ఆపమనకండి, ఆపరు. "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అమ్మ పడుకుంటుంది, ఆ రెండు గంటలు వదిలేస్తారా?" అని సమయం అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. "కొందరు తమ చెప్పుల స్టాండు కారిడార్ అంతా పరుస్తున్నారు" అని పేరు లేకుండా రాస్తారు. ఆ కొందరు ఎవరో వంద మందికీ తెలుసు. ఆయన జవాబుగా మీ పార్కింగ్ ఫోటో పెడతాడు. సాయంత్రానికి మెయింటెనెన్స్ బకాయిలు, రెండేళ్ళ కిందటి వాటర్ ట్యాంకు గొడవ అన్నీ బయటికొస్తాయి. తలుపు తట్టి రెండు నిమిషాలు మాట్లాడితే పోయేదానికి ఇంత అవసరమా?

మెట్ల మూలల్లో కిళ్ళీ మరకలు, గోడ పక్కన చెత్త లాంటివి ఇంకో తరహా. అక్కడ మనిషి కనబడడు, అడగడానికి. దేవుళ్ళ బొమ్మల టైల్స్ అంటించడం మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం, కొంత పనిచేస్తుంది కూడా. దానికంటే గట్టిది, మరకను మరక మీద పేరుకోనివ్వకపోవడం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో సైకిళ్ళ హ్యాండిళ్ళకు కాగితాలు తగిలించి చూశారు. పక్క గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని అక్కడే పడేశారు. గోడ నిండా పిచ్చిరాతలున్నప్పుడు 69 శాతం మంది పడేశారు. మనుషుల్లో తేడా లేదు, గోడలోనే ఉంది. కాబట్టి అసోసియేషన్ మీటింగులో "సంస్కారం" మీద ఉపన్యాసం కంటే, ఆ మూలకు సున్నం కొట్టించి ఒక డస్ట్‌బిన్ పెట్టించే తీర్మానం మేలు.

7. అడగకూడని చోట అడగకండి

తాగి ఉన్నవాడిని అడగకండి. గుంపుగా ఉండి రెచ్చిపోతున్నవాళ్ళను ఒంటరిగా అడగకండి. ముందే ఎవరితోనో గొడవలో ఉన్నవాడి జోలికి వెళ్ళకండి. చోటు మారండి, సిబ్బందికి చెప్పండి.

ఇంకో గీత స్పష్టంగా గీయాలి. బస్సులో ఆడపిల్లకు కావాలని తగలడం, వెంటపడటం, అదేపనిగా చూస్తూ వ్యాఖ్యలు చేయడం చిరాకు కిందికి రాదు, నేరం కిందికి వస్తుంది. అక్కడ వరసలు కలిపి మర్యాదగా అడిగే పద్ధతి వర్తించదు. గట్టిగా అరవవచ్చు, బస్సు ఆపించవచ్చు, 112కి ఫోన్ చేయవచ్చు. తెలంగాణలో 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ పనిచేస్తున్నది ఇందుకే. పక్కనున్నవాళ్ళు చేయగలిగింది కూడా ఉంది. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఇటు వచ్చి కూర్చోమ్మా" అని సీటు ఇవ్వడం.

8. ఇదే మాట మీకు ఎదురైతే?

ఇంతవరకూ చదివిన ప్రతి పాఠకుడూ బాధితుల పక్షాన నిలబడే చదివి ఉంటాడు. అది సహజమే. కానీ ఊళ్ళో ఉన్న అమ్మకు సరిగ్గా వినబడటం లేదని వీడియో కాల్ స్పీకర్‌లో పెట్టేది ఎవరు? వీపు మీద ల్యాప్‌టాప్ బ్యాగుతో మెట్రోలో గిర్రున తిరిగేది ఎవరు? "స్త్రీలకు" అని రాసి ఉన్న సీట్లో కూర్చుని, కిటికీలోంచి బయటికి తదేకంగా చూసేది ఎవరు?

ఎవరైనా మిమ్మల్ని అడిగినప్పుడు మొదట నోటికొచ్చేవి మూడు జవాబులు. "అందరూ చేస్తున్నారుగా", "అయిపోయింది, రెండు నిమిషాలే", "అంత ఇబ్బందైతే మీరే అటు కూర్చోండి". మూడూ మింగేయండి. "సారీ అండీ, చూసుకోలేదు" అని సౌండ్ కట్టేయండి. అడిగిన పద్ధతి మీకు నచ్చకపోవచ్చు, గొంతులో కాస్త వెటకారం ఉండవచ్చు, వాళ్ళు ఈ అధ్యాయం చదివి ఉండరు. అయినా వాళ్ళు అడిగిన పని న్యాయమైనదే అయితే చేసేయండి, గొంతు సంగతి తర్వాత.

అమ్మ కాల్‌లో ఉంటే ఫోన్ చెవికి ఆనించి, "అమ్మా, బస్సులో ఉన్నా, దిగాక చేస్తా" అనండి. ఆవిడ "ఆఁ? ఏంటీ?" అంటుంది. అప్పుడు కూడా స్పీకర్ పెట్టకండి. కట్ చేసి మెసేజ్ పెట్టండి.